చేతిపనికి చేయూత.. కమలాదేవి
అంతరించే దశలో ఉన్న కాళహస్తి కలంకారీకి శిక్షణ కేంద్రంతో ఊపిరి
ఏప్రిల్ 3న కమలాదేవి ఛటోపాధ్యాయ జయంతి

శ్రీకాళహస్తి: స్వర్ణముఖి తీరాన వెదురు కలంతో గుడ్డపై రామాయణ గాథను తీర్చిదిద్దే చేతులు నేటికీ ఈ పట్టణంలో కనిపిస్తున్నాయి. అయితే 1950వ దశకం నాటికి ఈ విద్య తెలిసినవారు ఇక్కడ వేళ్లపై లెక్కించదగినంత మందే మిగిలారు. వారితోనే ఈ కళ ముగిసిపోయేదే. అలా కాకుండా కాపాడింది 1957-58 ప్రాంతంలో ఇక్కడ ఆరంభమైన ఓ శిక్షణ కేంద్రం. దాని వెనుక నిలిచిన వ్యక్తి కమలాదేవి ఛటోపాధ్యాయ. స్వాతంత్య్ర సమరయోధురాలిగా, మహిళా ఉద్యమ నేతగా దేశానికి సుపరిచితురాలైన ఆమె, జీవితంలోని ద్వితీయార్థాన్ని పూర్తిగా చేతివృత్తులవారికే అంకితం చేశారు.

బాల్యంలోనే కష్టాలు

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగళూరులో సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ ప్రభుత్వ ఉన్నతాధికారి. తల్లి గిరిజాబాయి విద్యావంతురాలు. కమలాదేవికి ఏడేళ్ల వయసులో తండ్రి మరణించారు. వీలునామా లేకపోవడంతో నాటి చట్టం ప్రకారం ఆస్తి మొత్తం ఆయన మొదటి భార్య కుమారుని పరమైంది. భార్యకు, కుమార్తెలకు హక్కు లేకుండాపోయింది. స్త్రీకి సొంత సంపాదన లేకుంటే ఏమవుతుందో ఆ బాలికకు ఇంట్లోనే అనుభవంలోకి వచ్చింది.

పద్నాలుగేళ్ల వయసులో, 1917లో, ఆమెకు వివాహం జరిగింది. రెండేళ్లకే భర్త మరణించారు. నాటి ఆచారాల ప్రకారం ఆమె జీవితం నాలుగు గోడల మధ్య ముగియవలసింది. అయినా చదువు మానక మద్రాసులోని క్వీన్ మేరీస్ కళాశాలలో చేరారు. అక్కడ హైదరాబాదుకు చెందిన సుహాసిని ఛటోపాధ్యాయతో స్నేహం కలిసింది. సుహాసిని సరోజినీ నాయుడికి చెల్లెలు. వారి తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ హైదరాబాదులో నిజాం కళాశాలకు ఆద్యుడు. సుహాసిని సోదరుడు, కవి, నటుడు అయిన హరీంద్రనాథ్‌ను కమలాదేవి వివాహమాడారు. వితంతు వివాహం కావడంతో బంధువర్గంలో తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. ఆమె వెనుకంజ వేయలేదు. తర్వాతి కాలంలో ఆ దంపతులు విడిపోయినా, ఛటోపాధ్యాయ అన్న ఇంటిపేరు ఆమెకు శాశ్వతంగా నిలిచిపోయింది.

ఉప్పు పొట్లాలతో న్యాయస్థానానికి

లండన్‌లో చదువుతున్న కమలాదేవి సహాయ నిరాకరణోద్యమ వార్త విని 1923లో స్వదేశానికి తిరిగివచ్చి సేవాదళ్‌లో చేరారు. 1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. దేశంలో చట్టసభకు పోటీ చేసిన తొలి మహిళగా గుర్తింపు పొందారు. 1927లో ఏర్పడిన అఖిల భారత మహిళా సభకు తొలి నిర్వాహక కార్యదర్శిగా పనిచేశారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైనప్పుడు స్త్రీలు రాట్నం వడకడానికి, దుకాణాల వద్ద పికెటింగ్‌కు పరిమితమైతే చాలునని గాంధీజీ తొలుత భావించారు. కమలాదేవి ఆయనను స్వయంగా కలిసి వాదించి, ప్రత్యక్ష పోరులో స్త్రీలకూ చోటు సంపాదించారు. బొంబాయిలో ఉప్పు వండి పొట్లాలు కట్టి వీధుల్లో అమ్మారు. న్యాయస్థాన ప్రాంగణంలోకి వెళ్లి అక్కడి మేజిస్ట్రేటునే ఉప్పు కొనమని అడిగారు. అరెస్టయి కారాగారానికి వెళ్లారు. ఆ తర్వాతా పలుమార్లు జైలు జీవితం అనుభవించారు. 1936లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ అధ్యక్షురాలయ్యారు.

శరణార్థుల చేతికి పని

స్వాతంత్య్రం వచ్చాక ఆమె స్థాయి నాయకులు పదవులు చేపట్టారు. కమలాదేవి మాత్రం శరణార్థుల గుడారాల బాట పట్టారు. దేశ విభజనతో సర్వస్వం పోగొట్టుకొని వచ్చినవారికి సహకార పద్ధతిలో ఊరు కట్టుకునే అవకాశం కల్పించాలని సంకల్పించారు. ప్రభుత్వ సాయం కోరరాదన్న షరతుతో గాంధీజీ అందుకు అంగీకరించారు. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ ఆవిర్భవించింది. వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన సుమారు 50 వేల మందికి ఢిల్లీ సమీపాన ఫరీదాబాద్‌లో కొత్త పట్టణం రూపుదిద్దుకుంది. నిర్మాణ పనుల్లో శరణార్థులే పాలుపంచుకున్నారు. ఉచితంగా ఇచ్చిన రొట్టె ఒక పూట ఆకలి తీరుస్తుందని, చేతికి వచ్చిన పని జీవితాంతం నిలబెడుతుందని ఆ అనుభవం చాటింది. ఆమె తర్వాతి కృషికి ఇదే పునాది.

చేతివృత్తుల పునరుద్ధరణ

1952లో కేంద్ర ప్రభుత్వం అఖిల భారత హస్తకళల బోర్డును నెలకొల్పింది. దాని సారథ్యం కమలాదేవికి దక్కింది. అదే ఏడాది ఢిల్లీలోని కేంద్ర కుటీర పరిశ్రమల విక్రయశాల నిర్వహణను కోఆపరేటివ్ యూనియన్ చేపట్టింది. ఒక చేత శిక్షణ, మరో చేత విక్రయం పెట్టుకొని ఆమె దేశమంతా పర్యటించారు. మారుమూల గ్రామాల్లోని కుమ్మరులు, నేతగాళ్లు, కంచరులు, బొమ్మల తయారీదారుల ఇళ్లకు వెళ్లి వారి పనితనాన్ని పరిశీలించారు. జైపూర్ నీలి మట్టిపాత్రల వంటి కళలు తిరిగి వెలుగు చూడడంలో ఆమె పాత్ర కీలకమైనది.

ఆమె కృషిలో ఒక క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. మిగిలివున్న పనివాణ్ణి వెతకడం మొదటిది. ఆయన ఉన్న ఊళ్లోనే ఆయననే గురువుగా నిలిపి కొత్తవారికి నేర్పించడం రెండోది. నేర్చినవారి సరుకుకు గిరాకీ కల్పించడం మూడోది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగతా రెండూ నిలవవు. అందుకు శ్రీకాళహస్తే చక్కటి తార్కాణం.

కాళహస్తిలో తిరిగి పట్టిన కలం

ఆలయాలకు, రథాలకు అలంకారంగా పురాణ గాథల తెరలు చిత్రించడం కాళహస్తి కలంకారీ సంప్రదాయం. మధ్యలో ప్రధాన ఘట్టం, చుట్టూ వరుసలుగా కథా సన్నివేశాలు, వాటి కింద తెలుగులో వివరణ ఉండడం దీని ప్రత్యేకత. మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చులకు ప్రాధాన్యమైతే, ఇక్కడ గీత మొదలు రంగు దాకా అంతా కలంతోనే సాగుతుంది. మిల్లు గుడ్డలు, అచ్చు బట్టలు వెల్లువెత్తడం, ఆదరించేవారు కరవవడంతో ఈ పని కూడు పెట్టలేని స్థితికి చేరింది. తండ్రులు బిడ్డలకు నేర్పడం మానుకున్నారు. పని తెలిసినవారు ఇతర వృత్తులకు మళ్లారు.

ఈ పరిస్థితుల్లో కమలాదేవి చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం ఏర్పాటైంది. సంప్రదాయ రీతిలో ఆరితేరిన జొన్నలగడ్డ లక్ష్మయ్య దానికి గురువయ్యారు. అంతవరకు కుటుంబాల గడప దాటని విద్య, కేంద్రంలో చేరిన వారందరి ముందుకు వచ్చింది. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి ఆ పరంపరను కొనసాగించి అనేక మందికి నేర్పారు. 2008లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు.

పుస్తకానికి అందని విద్య

ఇది చదివితే వచ్చే విద్య కాదు. పని క్రమం చూస్తే ఆ సంగతి బోధపడుతుంది. ముందుగా ముతక నూలు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని జిడ్డు రంగు చెదరకుండా కాపాడుతుంది. చింత బరికెలను కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. వెదురు పుల్ల మొన చెక్కి, దానికి కాస్త ఎగువన ఉన్ని లేదా గుడ్డ పీలికలు చుట్టి దారంతో బిగిస్తే కలం తయారవుతుంది. ఆ చుట్టను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది.

తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీరు కలిపి కొన్ని వారాలు పులియబెడితే కసిమి సిద్ధమవుతుంది. కలంలో ఉన్నప్పుడు పలచగా కనిపించే ఈ ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీరు పూసి, పారే నీటిలో జాడించి, ఎర్రని రంగునిచ్చే వేళ్లు, చెక్కలతో మరిగిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. కరక్కాయ పువ్వు పసుపు రంగును, నీలిమందు నీలాన్ని ఇస్తాయి. ప్రతి రంగుకూ ఉతుకు, ఎండ తప్పవు.

పాలు ఎక్కువైనా, కసిమి పులియకున్నా, ఎండ చాలకున్నా రోజుల శ్రమ వృథా. కసిమి పదును వాసనలో తెలుస్తుంది. కలంపై నొక్కుడు వేలికి తెలుస్తుంది. గురువు పక్కన కూర్చొని గుడ్డలు పాడుచేసుకుంటూ నేర్చుకోవలసినదే. ఇక్కడ కాకుండా ఏ మహానగరంలోనో భవనం కట్టి ఉపన్యాసాలు ఇప్పించి ఉంటే, కలంకారీ చరిత్ర తెలిసినవారు తయారయ్యేవారేమో గాని కలంకారీ మిగిలేది కాదు.

శిల్పికి గౌరవం

చేతివృత్తివాణ్ణి కూలీగా చూసే దృష్టి మారాలన్నది కమలాదేవి పట్టుదల. ఉత్తమ కళాకారులకు జాతీయ పురస్కారాలు ఇచ్చే సంప్రదాయం 1965లో మొదలవడంలో ఆమె కృషి ఉంది. 1964లో మద్రాసు కేంద్రంగా భారత హస్తకళల మండలి స్థాపనకు తోడ్పడ్డారు. అదే ఏడాది న్యూయార్క్‌లో ప్రపంచ హస్తకళల మండలి ఆవిర్భావంలో భాగస్వామి అయ్యారు. రంగస్థలానికీ ఆమె సేవలు ఎనలేనివి. సంగీత నాటక అకాడమీకి సారథ్యం వహించారు.

ప్రభుత్వం 1955లో పద్మభూషణ్, 1987లో పద్మవిభూషణ్ పురస్కారాలతో సత్కరించింది. 1966లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. 1986లో ఆమె ఆత్మకథ వెలువడింది. 1988 అక్టోబరు 29న బొంబాయిలో 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మిగిలిన బాధ్యత

ఆమె సారథ్యం వహించిన హస్తకళల బోర్డును కేంద్రం 2020లో రద్దు చేసింది. శ్రీకాళహస్తి 2022లో చిత్తూరు జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి మారింది. పేర్లు, సరిహద్దులు మారినా కలం పట్టే చేతులు మాత్రం ఆగలేదు. వారిలో మహిళలు పెద్దసంఖ్యలో ఉండడం విశేషం. చిన్ననాట తల్లికి ఆస్తిహక్కు లేకపోవడం చూసిన కమలాదేవికి ఇంతకు మించిన నివాళి ఉండదు.

కాళహస్తి కలంకారీకి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినా, యంత్రంపై అచ్చువేసిన నకళ్లు అదే పేరుతో అంగళ్లలో అమ్ముడవుతూనే ఉన్నాయి. గంటలో వందల గజాలు అచ్చయ్యే గుడ్డతో, వారాల తరబడి పాలలో నాని నదిలో జాడింపబడిన గుడ్డ ధరలో పోటీపడలేదు. కొనుగోలుదారుకు ఆ తేడా తెలియకపోతే పనివాడి శ్రమకు విలువ దక్కదు. విలువ దక్కని పనిని ఏ తండ్రీ బిడ్డకు నేర్పడు. 1950వ దశకంలో ఈ పట్టణంలో జరిగింది అదే. నాడు అడిగి, వెతికి, గురువును నిలబెట్టడానికి ఒక కమలాదేవి ఉన్నారు. నేర్పేవారు, నేర్చేవారు ఉన్న నేటి రోజుల్లో, నిజమైన చేతిపనిని గుర్తించి కొనడం ఆమె ఆరంభించిన పనిలో ప్రజల వంతు.