పౌరసేనాని వాషింగ్టను

జార్జి వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన అమెరికాలోని వర్జీనియాలో జన్మించెను. అప్పుడు వర్జీనియా ఆంగ్లేయుల వలసరాజ్యము. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయిన ఆ బాలునకు సవతి యన్న లారెన్సు పెద్దదిక్కయ్యెను.

ఆ కాలమున వర్జీనియాను కాపాడుటకు పౌరసేన యుండెడిది. రైతులును, వర్తకులును తమ పనులు తాము చేసికొనుచు, ఆపద వచ్చినపుడు ఆయుధములు ధరించి కూడెడివారు. వారికి కవాతు నేర్పించుటకు ప్రభుత్వము అడ్జుటెంటు అను అధికారిని నియమించెడిది. లారెన్సు ఆ పదవిలో నుండి 1752లో మరణించెను. అప్పుడు ప్రభుత్వము ఆ పదవిని పలు మండలములకు విభజించి, ఒకదానిని ఇరువదియేండ్ల జార్జి కిచ్చెను.

1755లో అతడు వర్జీనియా సేనల కధిపతి యయ్యెను. సరిహద్దు పల్లెలు శత్రువుల దాడులకు గురియగుచుండెను. పౌరసేనను పిలిచినను పలువురు రారైరి. వచ్చినవారిలో కొందరు గడువు తీరకమున్నే యింటిదారి పట్టిరి. శిక్షణ లేని సేన అక్కరకు రాదని వాషింగ్టను గ్రహించెను. 1758లో అతడు శాసనసభకు ఎన్నికయ్యెను. సేనకు వలయు ధనమును మంజూరు చేయువారు ప్రజాప్రతినిధులే యని అచట చక్కగా తెలిసికొనెను.

1775లో పదుమూడు వలసరాజ్యములు ఆంగ్లప్రభుత్వముతో పోరాడుచుండగా, కాంగ్రెసు అతనిని సర్వసేనాధిపతిగా నియమించెను. అతడు జీతము వలదనెను. ఖర్చులు మాత్రమే కోరెను. 1783 మార్చిలో కఠిన పరీక్ష యెదురయ్యెను. జీతములందని సేనాధికారులు న్యూబర్గు శిబిరమున గుమికూడి, కాంగ్రెసును బెదిరింపదలచిరి. వాషింగ్టను వారి నడుమకేగి, ఒక లేఖ చదువబోయి, కండ్లద్దములు తీసి పెట్టుకొనెను. దేశసేవలో తన చూపు మందగించెనని మెల్లగా చెప్పెను. వీరుల కన్నులు చెమర్చెను, కలత చల్లారెను. ఆ డిసెంబరు 23వ తేదీన అతడు అన్నపోలిసు నగరమున కాంగ్రెసు ఎదుట నిలిచి, అధికారమును తిరిగి యొప్పగించి, తన పొలమునకు మరలెను.

1789లో ప్రజలు అతనిని తొలి అధ్యక్షునిగా గైకొనిరి. 1792 నాటి పౌరసేనా చట్టము ప్రతి రాష్ట్రమునను ఒక అడ్జుటెంటు జనరలు ఉండవలెనని విధించెను. ఆ సేనను శ్వేతజాతి పురుషులకే పరిమితము చేయుట ఆ చట్టమందలి లోపము. 1794లో పశ్చిమ పెన్సిల్వేనియా ప్రజలు సారాపన్నుపై తిరుగబడగా, వాషింగ్టను నాలుగు రాష్ట్రములనుండి సుమారు 13,000 పౌరసేనను రప్పించి, కొంతదూరము తానే వెంట నడచెను. పెద్ద పోరు లేకయే తిరుగుబాటు అణగెను. రాజద్రోహులని తీర్పు పొందిన యిరువురిని అతడు క్షమించెను.

1799 డిసెంబరు 14న వాషింగ్టను కన్నుమూసెను. అతడు యౌవనమున చేపట్టిన కొలువు నేటికిని అమెరికా రాష్ట్రములలో నిలిచియున్నది. వరద వచ్చినను, కల్లోలము రేగినను, రాష్ట్రసేన గవర్నరు ఆజ్ఞకు లోబడి కదలును. ఆయుధము ధరించినవాడు ప్రజల యాజ్ఞకు తలయొగ్గవలెనను నీతికి వాషింగ్టను జీవితమే నిదర్శనము.