రాజా దీన్ దయాళుగారు

మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములు నైజాము రాజ్యములో నుండిన కాలమున, ఆ ప్రభువుల ఛాయాచిత్రకారులై కీర్తి గాంచిన రాజా దీన్ దయాళుగారి చరిత్రమును సంగ్రహముగా దెల్పుచున్నాము.

వీరు 1844లో మీరటు సమీపమందలి సర్ధానాలో జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు విద్య ముగించి, 1866లో ఇండోరునందు మరామతుశాఖలో చేరి, పటములు గీయుచు జీవించిరి. ఉద్యోగము చేయుచునే ఛాయాచిత్రకళ నభ్యసించిరి.

తరువాత సికింద్రాబాదున చిత్రశాలను స్థాపించి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆదరణము పొందిరి. 1894లో రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదము లభించెను. దర్బారు వైభవమునే గాక, 1900 ప్రాంతపు క్షామమున జరిగిన సహాయపు పనులను సైతము వీరు చిత్రించిరి. ఘోషాస్త్రీలు పరపురుషుల యెదుటికి రారు గావున, 1892లో హైదరాబాదున వారికొరకు ప్రత్యేక చిత్రశాల నేర్పరచి, దానిని ఒక ఆంగ్లవనిత కప్పగించిరి.

కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ తండ్రికి కుడిభుజములైరి. 1904లో ధరమ్‌చంద్ మరణించెను. మరుసటి యేడు, 1905 జూలైలో, తండ్రియు గతించిరి. జ్ఞానచంద్ ఒంటరియయ్యు ఆ పనిని విడువలేదు.

ఆ దినములలో చిత్రము గాజుపలకపై దిగెడిది. పలక పగిలినచో శ్రమయంతయు వ్యర్థమే. అట్టి పలకలు 2,857 ఆ కుటుంబమువారి సంరక్షణమున నిలిచి, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు జేరినవి. విద్యార్థులారా, బిరుదములు రాజ్యముతో గతించెను. శ్రద్ధతో చేసిన పని నిలిచినది.