గోడ దాటిన తరంగం

పోయిన సెమిస్టర్ సెమినార్‌లో నాకొచ్చిన టాపిక్ 60 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్. ఒక గదిలోపలే, కొద్ది మీటర్ల దూరంలో, చాలా స్పీడ్‌గా డేటా పంపే పద్ధతి. దీనికో ప్రమాణం కావాలని ఐఈఈఈ 802.15.3సి బృందం ప్రతిపాదనలు ఆహ్వానించింది. 2009లో ప్రమాణం వచ్చింది. స్లైడ్స్ కోసం చరిత్ర వెతుకుతూ వెనక్కి వెళ్తే, వందేళ్ళకి పైగా దాటి కలకత్తాలో ఆగాను. అక్కడ జగదీశ్ చంద్ర బోస్ కనిపించారు.

ఆయన 1858 నవంబర్ 30న పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వ అధికారి అయినా కొడుకుని ముందు బెంగాలీ బడికే పంపారు. ఇప్పటికీ ఒత్తులు తప్పు రాసే నాకు ఈ సంగతి కొంచెం గుచ్చుకుంది.

కేంబ్రిడ్జ్‌లో చదివి 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరారు. తెల్లవాళ్ళ కంటే జీతం తక్కువ అన్నారు. ఆయన పాఠాలు మానలేదు, మూడేళ్ళు జీతమే ముట్టుకోలేదు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి, బకాయిలతో సహా పూర్తి జీతం ఇచ్చింది.

హెర్ట్జ్ తరంగాలు పొడవైనవి. బోస్ వాటిని మిల్లీమీటర్లకి కుదించారు. కాంతి వేగాన్ని 5 మిల్లీమీటర్లతో భాగించి చూడండి, వచ్చేది 60 గిగాహెర్ట్జే! 1895లో టౌన్ హాల్‌లో ఆయన పంపిన తరంగం లెఫ్టినెంట్ గవర్నర్ శరీరాన్నీ, గోడల్నీ దాటి అవతల గంట మోగించింది, మందుగుండు పేల్చింది.

కానీ పేటెంట్లంటే ఆయనకి ఇష్టం లేదు. స్నేహితులు పట్టుబడితే గలీనా డిటెక్టర్‌కి అమెరికాలో దరఖాస్తు చేశారు. 1904లో పేటెంట్ వచ్చినా దాన్ని డబ్బు చేసుకోలేదు. తర్వాత మొక్కల పరిశోధనలోకి వెళ్ళి, 1917లో బోస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, 1937లో కన్నుమూశారు.

ఇప్పుడు ప్రమాణానికి అవసరమైన పేటెంట్ ఎవరి దగ్గరైనా ఉంటే, లైసెన్స్ ఇస్తారా లేదా అని ముందే హామీ పత్రం అడుగుతారు. ఆయన కాలంలో ఆ ఏర్పాటు లేదు. దాచుకోవాలి, లేదా వదిలేయాలి. ఆయన వదిలేశారు. అది మంచితనమా, నష్టమా అని మా టీమ్‌లో రాత్రంతా వాదన. ఎందుకంటే మా మినీ ప్రాజెక్ట్ కోడ్ అందరికీ పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. తెల్లారేసరికి ఒక్కటే తేలింది: పెడతాం, కానీ రాసినవాళ్ళ పేర్లతో, లైసెన్స్‌తో. ఊరికే ఇవ్వడం వేరు, ఊరూపేరూ లేకుండా పోవడం వేరు.