పొగకు వల వేసిన కాట్రెల్

రామగుండంలోనైనా, ఇబ్రహీంపట్నంలోనైనా బొగ్గు కాలే బాయిలర్‌కీ చిమ్నీకీ మధ్య మేడలంత ఎత్తున ఇనుప పెట్టెలు వరుసగా ఉంటాయి. ప్లాంటు సిబ్బంది వాటిని ఈఎస్పీలంటారు. అవి ఆగిపోతే చుట్టుపక్కల ఊళ్ల మీద బూడిద వాన కురుస్తుంది. వాటిని పరిశ్రమలో నిలబెట్టిన మనిషి ఫ్రెడరిక్ గార్డ్‌నర్ కాట్రెల్.

1877లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. బర్క్‌లీలో రసాయనశాస్త్రం చదివి, కొంతకాలం హైస్కూల్లో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో జర్మనీ వెళ్లారు. 1902లో లైప్‌జిగ్‌లో డాక్టరేట్ పూర్తిచేసి, తిరిగొచ్చి బర్క్‌లీలోనే అధ్యాపకుడిగా చేరారు.

ఆయన్ను ఈ దారిలోకి లాగింది ఆర్సెనిక్. సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేసే దగ్గరలోని ఒక ఫ్యాక్టరీలో వాయువులతో పాటు వచ్చే ఆర్సెనిక్ ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తోంది. ఆమ్లపు మంచును విడదీస్తే ఆర్సెనిక్ కూడా పోతుంది. అందుకు కాట్రెల్ విద్యుత్తును ఆశ్రయించారు. ఆలోచన కొత్తది కాదు. ఇరవై ఏళ్ల ముందే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ వేల్స్‌లోని ఒక సీసం కార్ఖానాలో దీన్ని ప్రయత్నించి విఫలమయ్యారు. అప్పటి యంత్రాలకు అంత విద్యుత్తు ఇచ్చే సత్తా లేదు. కాట్రెల్ నాటికి హైవోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చేశాయి. దానికి తోడు, నూలు చుట్టిన తీగ నుంచి విద్యుత్తు ఉత్త తీగ నుంచి కంటే బాగా వెలువడుతోందని ఆయన గమనించారు. కనిపెట్టడంలో సగం ఆ నూలుపోగుల దగ్గరే ఉంది. 1908లో పేటెంట్ దక్కింది.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున సెల్బీ సీసం కార్ఖానా పొగ మీద అప్పటికే రైతులు కోర్టుకెక్కారు. అక్కడ ఆమ్లపు మంచును ఆయన పరికరం పట్టేసింది. తర్వాత ఉత్తర కాలిఫోర్నియాలోని బలక్‌లాలా రాగి కార్ఖానాలో 1910లో పెద్ద ఎత్తున పెట్టారు. దుమ్ము చాలావరకు ఆగింది. సల్ఫర్ డయాక్సైడ్ మాత్రం వాయువు కాబట్టి తీగల మధ్య నుంచి దర్జాగా దాటిపోయింది. పొలాలకు నష్టం ఆగలేదు, 1911లో కార్ఖానా మూతపడింది. కాట్రెల్ యంత్రం బలమూ, హద్దూ ఒకే చోట బయటపడ్డాయి.

ఆ ఏడాదే ఆయన అమెరికా గనుల బ్యూరోలో చేరారు. లక్షలు తెచ్చిపెట్టే పేటెంట్లను సొంతానికి అట్టేపెట్టుకోలేదు. వాటి రాబడి శాస్త్ర పరిశోధనకు చేరేలా 1912లో న్యూయార్క్‌లో రీసెర్చ్ కార్పొరేషన్ ఏర్పాటు చేయించారు. లారెన్స్ సైక్లోట్రాన్‌కు తర్వాత అందిన సాయంలో ఆ సొమ్మూ ఉంది. పొగ దుమ్ము నుంచి అణు భౌతికశాస్త్రానికి డబ్బు రావడం చిత్రమే.

1923లో డెట్రాయిట్ దగ్గరి ట్రెంటన్ చానెల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు పొగకు ఈ పరికరం వాడారు. బొగ్గులో సీసం, ఆర్సెనిక్, కాడ్మియం కొద్దికొద్దిగా ఉంటాయి. కొలిమి వేడికి ఆవిరై, పొగ చల్లబడేకొద్దీ బూడిద రేణువులకు అంటుకుంటాయి. బూడిదతో పాటే చాలావరకు చిక్కుతాయి. అయితే మరీ సన్నని రేణువుల మీదే ఇవి ఎక్కువగా పేరుకుంటాయి, యంత్రం తడబడేదీ వాటి దగ్గరే. మన బొగ్గులో గంధకం తక్కువ, బూడిద మరీ ఎక్కువ. ఆ బూడిద విద్యుదావేశాన్ని సులువుగా వదలదు. అందుకే ఇక్కడి పెట్టెలు అంత పెద్దవి.

పాదరసం సంగతి వేరు. అందులో చెప్పుకోదగ్గ భాగం ఆవిరిగానే ఉండి, బలక్‌లాలాలో సల్ఫర్ డయాక్సైడ్ వెళ్లినట్టే వెళ్లిపోతుంది. యాక్టివేటెడ్ కార్బన్ పొడిని పొగలోకి చల్లితే పాదరసం దానికి అంటుకుంటుంది, ఆ పొడిని మళ్లీ ఈఎస్పీయే పడుతుంది. అంటే ముందు ఆవిరిని దుమ్ముగా మార్చాలి. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ మన థర్మల్ ప్లాంట్లకు తొలిసారి పాదరసం పరిమితి పెట్టింది: ఘనపు మీటరు పొగకు 0.03 మిల్లీగ్రాములు.

కాట్రెల్ 1948 నవంబరులో బర్క్‌లీలో, నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సమావేశంలో కూర్చుని ఉండగానే కన్నుమూశారు.