బ్రహ్మర్షి వేంకటరత్నము నాయుడు

రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. నాయుడుగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, అధ్యక్షులగు మిల్లరు దొరగారి బోధ వారి హృదయమున గాఢముగ నాటుకొనెను. పిదప వారు బ్రహ్మమతము నవలంబించి, దేవుడొక్కడే యనియు, మానవులెల్లరు ఆయన బిడ్డలే యనియు నమ్మిరి. యౌవనముననే భార్య గతింపగా మరల వివాహమాడక, శ్వేతవస్త్రములు ధరించి, జీవితమును విద్యార్థులకే అంకిత మొనర్చిరి.

1904 మొదలు 1919 వఱకు నాయుడుగారు కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. శీలము లేని విద్య నిష్ఫలమని వారి విశ్వాసము. అయితే శీలము బడిలో మాత్రమే అలవడునది కాదు. ఆ కాలమున సంపన్నుల యిండ్ల పెండ్లిండ్లలో భోగము మేళము లేకున్న గౌరవము లేదని తలచెడివారు. పెద్దలతోబాటు పిల్లలును ఆ వేడుకలు చూచెడివారు. గురువు బోధించినదానికి విరుద్ధముగ తండ్రి నడచినచో బాలుడు ఎవరి మాట విశ్వసించును? ఈ చిక్కును గ్రహించియే నాయుడుగారు తరగతి గది దాటి గృహస్థుల కడకు పోయిరి. మేళములు మానుడని, మద్యము విడువుడని ఉపన్యాసములతో ప్రబోధించిరి. పాత యాచారమును వీడుటకు పెక్కురు ఇష్టపడకున్నను, వారు తమ ప్రయత్నమును విడువలేదు.

మఱి తల్లిదండ్రులే లేని పిల్లల గతి యేమి? పిఠాపురము మహారాజగు సూర్యారావు బహద్దరువారు నాయుడుగారిని గురువుగ భావించెడివారు. వారి ధనసాహాయ్యమున కాకినాడలో అనాథశరణాలయము వెలసెను. అచ్చటి బిడ్డలకు కులభేదము లేక అన్నము, చదువు, దైవప్రార్థన లభించెను. అస్పృశ్యులని సంఘము దూరముంచిన విద్యార్థులకు వసతిగృహ మేర్పడెను. కళాశాలలో బాలురతోబాటు బాలికలకును ప్రవేశము కలిగెను. నాయుడుగారు తమ జీతములో అధికభాగమును పేద విద్యార్థులకే వెచ్చించెడివారు. ఇల్లు లేనివారికి గురువే తల్లియు తండ్రియు నయ్యెను.

1924లో ప్రభుత్వము వారికి సర్ బిరుదము నొసగెను. 1925 నుండి 1928 వఱకు వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిరి. బిరుదములకంటె శిష్యుల సత్ప్రవర్తనయే వారికి ప్రియమైనది. 1939 మే 26వ తేదీన వారు కాకినాడలో పరమపదించిరి. ఆంధ్రులు వారిని బ్రహ్మర్షి యని నేటికిని స్మరింతురు.

బడిలో గురువు వెలిగించిన దీపమునకు ఇంటిలో తల్లిదండ్రులు చమురు పోయవలెను. అప్పుడే అది ఆరక వెలుగును. నాయుడుగారి జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.