ఆగిపోయిన చదువులు - దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయమ్మ అనగానే చాలామందికి కాకినాడ కాంగ్రెస్ ముచ్చటే గుర్తుకొస్తుంది. 1923లో పధ్నాలుగేళ్ళ వాలంటీరుగా ప్రదర్శన గుమ్మం దగ్గర నిలబడి, టికెట్ లేదని సాక్షాత్తూ నెహ్రూగారినే ఆపేసిన పిల్ల. చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, ఆవిడ మనకు చేసిపెట్టిన అసలు పని వేరే ఉంది.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేసేశారు. కాస్త ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దన్నారు. తండ్రి ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజుల్లో అదెంత మాటో మన అమ్మమ్మలను అడిగితే తెలిసేది! భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఆయన పోయాక, ఆ రెండవ భార్యకు చేతిపని నేర్పించి ఆదుకున్నది కూడా దుర్గాబాయే.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. చదువు లేక, చట్టం తెలియక శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్ళను అక్కడ చూశారు. బయటికొచ్చాక పుస్తకాలు పట్టారు. బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి రాలేదు. చదువుకోవాలనుకునే అమ్మాయిలు ముందుకు రావాలని పత్రికలో ప్రకటన వేయించి, వచ్చిన వాళ్ళతో తామే ఒక హాస్టల్ నడుపుకున్నారు. 1942లో లా కూడా పూర్తి చేశారు.

తను ఎక్కిన మెట్లే ఇతరులూ ఎక్కాలని ఆవిడ పట్టుదల. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ, పెళ్ళిళ్ళయి, విధవలై, బడి వయసు దాటిన స్త్రీలను కూర్చోబెట్టి అదే బెనారస్ పరీక్షకు తయారుచేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక, ఆ పద్ధతినే దేశమంతటా పెట్టించారు. చాలా ఏళ్ళ చదువును రెండు మూడేళ్ళలో చెప్పే ఆ తరగతుల్లో చేరినవాళ్ళు నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా బయటికొచ్చారు.

రాజ్యాంగ సభలో కూర్చున్న పదిహేను మంది స్త్రీలలో ఆవిడొకరు. ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఉండాలని వాదించారు. 1956 చట్టం సగమే ఇచ్చింది. పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచీ, దేశమంతటికీ 2005లోనూ వచ్చింది. 1953లో చైనా వెళ్ళి చూసొచ్చి కుటుంబ న్యాయస్థానాలు కావాలన్నారు. ఆ చట్టం 1984లో వచ్చింది, అప్పటికి ఆవిడ పోయి మూడేళ్ళు. 1952 ఎన్నికల్లో మన రాజమండ్రివాళ్ళే ఓడించారన్నది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక మన సంగతి. అమెరికాకు హెచ్-4 వీసా మీద వచ్చిన మన ఆడపడుచుల్లో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు. 2015 మే దాకా వాళ్ళకు ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ ఏడు వచ్చిన నిబంధన కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే వర్తిస్తుంది. చదువుకు మాత్రం ఆ వీసా అడ్డు చెప్పదు. అయినా ఫీజు ఎక్కువనో, పిల్లలు చిన్నవాళ్ళనో, నీకెందుకిప్పుడనో ఆపేది చాలాసార్లు ఇంట్లోవాళ్ళే. అత్తగారు ఆర్నెల్లు వచ్చి పిల్లల్ని చూసుకుంటే ఒక సెమిస్టరు గడుస్తుంది. బెనారస్ పరీక్షకు కూర్చున్న ఆ మద్రాసు ఇల్లాళ్ళ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు వంట అందుకునే ఉంటారు.

1981 మే 9న దుర్గాబాయమ్మ కన్నుమూశారు. ఆంధ్ర మహిళా సభ కాలేజీలు, ఆసుపత్రి హైదరాబాదులో ఉన్నాయి.