ఎవరూ చూడనప్పుడు మంచి ఎందుకు చేయాలి? ఇమామ్ గజాలీ జీవితం చెప్పే జవాబు

దేవుణ్ని, పరలోకాన్ని నమ్మనివాడు కూడా చావు అంచున ఉన్నవాణ్ని కాపాడతాడు కదా! మరి నీతికి దీన్‌తో పనేంటి? ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. తొమ్మిది వందల ఏళ్ల క్రితమే ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) దీనికి జవాబు రాశారు.

ఆయన 1058లో ఖొరాసాన్‌లోని తూస్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. పిల్లల చదువుకని తండ్రి ఓ సూఫీ మిత్రుడికి అప్పగించిన డబ్బు అయిపోయింది. కనీసం తిండి దొరుకుతుందని అన్నదమ్ములిద్దరూ మదర్సాలో చేరారు. ఆ కుర్రాడే నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ శిష్యుడై, 1091లో బాగ్దాద్ నిజామియాలో ఉస్తాద్ అయ్యారు. ఆయన పాఠం వినడానికి 300 మంది విద్యార్థులు కూర్చునేవారు.

1095లో ఆయన తన నియ్యత్‌ను తానే తరచి చూసుకున్నారు. చెప్పేది దీన్ పాఠమే, కానీ లోపల ఉన్నది పేరు మీద ఆశ. ఆఖిరత్‌లో ఏం జవాబు చెప్పాలన్న భయం పట్టుకుంది. పదవి వదలలేక, ఉండలేక ఆరు నెలలు నలిగిపోయారు. చివరికి పాఠం చెబుదామంటే నోరు పెగల్లేదు, ముద్ద దిగలేదు. ఇది మనసు జబ్బని వైద్యులు చేతులెత్తేశారు. దాంతో కుటుంబానికి సరిపడా ఉంచి, మిగతాది పంచేసి డమాస్కస్ వెళ్లిపోయారు. అక్కడి పెద్ద మసీదు మినార్‌లో తలుపు వేసుకుని ఒంటరిగా గడిపారు. పాలకుల సొమ్ము ముట్టనని హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి దగ్గర ప్రతిజ్ఞ చేశారు. ఇహ్యా ఉలూముద్దీన్ గ్రంథం ఈ ఏకాంత కాలపు ఫలమే.

మంచి చెడులు బుద్ధితోనే తెలుస్తాయని ముతజిలా పండితులు వాదించేవారు. చివరి సంవత్సరాల్లో రాసిన ముస్తస్ఫాలో గజాలీ దీనిపై చర్చించారు. నమ్మనివాడు మంచి చేయడని ఆయన అనలేదు. ఎదుటివాడి కష్టంలో తనను ఊహించుకుని కరుగుతాడు, మెప్పు కోసం చేస్తాడు, లేదా అలవాటుగా చేస్తాడన్నారు. అయితే అది మనసు మొగ్గు మాత్రమే, మనిషిని బట్టి మారిపోతుంది. తప్పక చేయాల్సిన బాధ్యతగా మారేది వహీ వల్ల, ఆఖిరత్ లెక్క వల్ల అన్నది ఆయన నిర్ణయం.

ఆ తూకంలో ఆయన ముందు తూచుకున్నది తననే. దీన్ పాఠం చెప్పినంత మాత్రాన నియ్యత్ బాగుపడదని తన బతుకులోనే చూశారు. 1111లో సొంతూరు తూస్‌లోనే కన్నుమూశారు.